పరపతి పెరిగితే పెత్తనం ఎంత?

జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న విద్యార్థి ఒకరు, ప్రోగ్రామర్లు సందేహాలు అడిగి జవాబులు పొందే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో రాత్రి పదకొండు గంటలకు తన మొదటి ప్రశ్న పెట్టారనుకుందాం. రాసిన ప్రోగ్రాం సగంలో ఆగిపోయి 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' అని ఎర్ర అక్షరాలు చూపిస్తోంది. కోడును టైపు చేసి పెట్టే ఓపిక లేక తెరను ఫోనుతో ఫొటో తీసి అతికించారు. కింద ఒకే వాక్యం: రేపు ఉదయానికల్లా కాలేజీలో ఇవ్వాలి, దయచేసి త్వరగా చెప్పండి. పది నిమిషాలు గడిచేసరికి రెండు వ్యతిరేక ఓట్లు పడ్డాయి. మరికాసేపటికి ప్రశ్న నెత్తిన ఒక పెట్టె వచ్చి కూర్చుంది. ఈ ప్రశ్నకు ఇదివరకే జవాబు ఉంది, అక్కడ చూడండి, ఇక్కడ కొత్త జవాబులకు చోటు లేదు అని దాని సారాంశం. మూసినవారి పేరు కూడా అందులోనే ఉంది.

ఆ మూసిన మనిషి కంపెనీ ఉద్యోగి కాదు. జీతం లేదు, నియామక పత్రం లేదు, ఎన్నికల్లో గెలిచినవారూ కాదు. జావా గురించి ఎవరెవరో అడిగిన ప్రశ్నలకు ఏళ్ల తరబడి మంచి జవాబులు రాశారు, అంతే. వాటికి పడిన ఓట్లే ఈ అధికారాన్ని తెచ్చిపెట్టాయి. బాగా జవాబు చెప్పగలిగినంత మాత్రాన ఇతరుల ప్రశ్నల మీద తీర్పు చెప్పే హక్కు ఎందుకు రావాలి? చేయి తిరిగిన వంటవాడిని పిలిచి పెళ్లి పందిట్లో ఎవరెక్కడ కూర్చోవాలో కూడా నువ్వే చెప్పు అన్నట్టుంది. అయినా ఈ ఏర్పాటు పదిహేనేళ్లకు పైగా, రెండు కోట్లకు పైగా ప్రశ్నలను మోస్తూ నడిచింది. అది వంటవాడి తెలివి వల్ల నడవలేదు. అతని చేతికి ఇచ్చిన అధికారం ఎంత చిన్నదో, దాన్ని ఎంతమంది చూస్తుంటారో, ఎంత సులువుగా వెనక్కి తిప్పవచ్చో, వాటి వల్ల నడిచింది. ఆ మూడింటిలో ఏదో ఒకటి లోపించిన ప్రతిచోటా తడబడింది.

పరపతి ఖాతా

స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 సెప్టెంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దాని వ్యవస్థాపకులు. అప్పటికి ప్రోగ్రామర్లు డబ్బు కడితేగానీ జవాబు చూపించని సైట్లతో విసిగిపోయి ఉన్నారు. కొత్త సైటులో జవాబు ఉచితం, చెప్పినవారికి దక్కేది పాయింట్లు. ఆ పాయింట్లకు తెలుగులో 'పరపతి' అనే మాట అతికినట్టు సరిపోతుంది. పరపతి అంటే పలుకుబడి, పరపతి అంటే అప్పు పుట్టే శక్తి కూడా. సహకార పరపతి సంఘాలకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇక్కడా దాన్ని కూడబెట్టవచ్చు, ఖర్చు పెట్టవచ్చు, పోగొట్టుకోవచ్చు.

జవాబుకు ఒక అనుకూల ఓటు పడితే 10 పాయింట్లు. అడిగినవారు ఆ జవాబును అంగీకరిస్తే మరో 15. వ్యతిరేక ఓటు పడితే 2 పోతాయి. ఎదుటివారి జవాబుకు వ్యతిరేక ఓటు వేసినవారికి కూడా 1 పోతుంది. తప్పు పట్టాలంటే చేతి చమురు కాస్త వదలాలి. తన ప్రశ్నకు సరైన జవాబు రావడం లేదనుకున్నవారు 50 నుంచి 500 వరకు తన ఖాతాలోంచి తీసి బహుమానం ప్రకటించవచ్చు. ఓట్ల ద్వారా ఒక రోజులో 200 పాయింట్లకు మించి రావు, ఆ రోజు జవాబు ఎంత పేలినా సరే.

ఈ ఖాతా నిండుతున్నకొద్దీ హక్కులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. ఏళ్ల తరబడి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం 15 వద్ద అనుకూల ఓటు, 50 వద్ద ఎక్కడైనా వ్యాఖ్య రాసే వీలు, 125 వద్ద వ్యతిరేక ఓటు వచ్చేవి. 500 వద్ద కొత్తవారి రాతలను పరిశీలించే వరుసలోకి ప్రవేశం. 2,000 వద్ద ఎవరి రాతనైనా అనుమతి అడగకుండా దిద్దవచ్చు. 3,000 వద్ద ప్రశ్నను మూయడానికో తిరిగి తెరవడానికో ఓటు. 10,000 దాటితే తొలగించిన రాతలు కూడా కనిపిస్తాయి, తొలగింపునకు ఓటు వేయవచ్చు. 20,000 వద్ద మైనస్‌లోకి వెళ్లిన జవాబులను తీసేసే ఓటు. అదే కంపెనీ ఇతర అంశాల మీద కొత్తగా పెట్టిన చిన్న సైట్లలో ఈ మెట్లు బాగా కిందికి ఉంటాయి. 3,000 కావలసిన మూసివేత హక్కు అక్కడ 500కే దక్కుతుంది. ఊరు చిన్నదైతే పెద్దమనిషి కావడానికి నెరిసిన జుట్టు అంత అవసరం లేదన్నమాట.

పాయింట్లు ఎలా ఇవ్వకూడదో చెప్పడానికి యాహూ ఆన్సర్స్ ఉంది. 2005లో మొదలై 2021 మే 4న మూతపడిన ఆ సైటులో చేరినవారికి 100 పాయింట్లు ఇచ్చేవారు. ప్రశ్న అడిగితే 5 పోయేవి, జవాబు రాస్తే 2 వచ్చేవి, ఉత్తమ జవాబైతే 10. జవాబు రాస్తే చాలు, అది ఏం చెప్పినా 2 పాయింట్లు ఖాయం! 'నాకు తెలియదు' అని రాసినా అంతే. అక్కడ పాయింట్లు హాజరు పట్టీలా పనిచేశాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎంత రాసినా ఎదుటివారు ఓటు వేస్తేనే ఖాతా కదులుతుంది. పెద్దరికం సొంతంగా ప్రకటించుకునేది కాదు, పదిమంది ఒప్పుకోవలసింది అన్న పాత ఊరి లెక్క ఇందులో కనిపిస్తుంది. ఆ పదిమంది దేన్ని చూసి ఒప్పుకున్నారన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

ముక్కలు చేసిన కత్తి

మూసివేత హక్కు 3,000 వద్ద వస్తుంది. దాని అర్థం 3,000 పాయింట్లున్న మనిషి ప్రశ్నను మూయగలరని కాదు. ఒక ఓటు వేయగలరు. ప్రశ్న మూతపడాలంటే మొదట్లో అలాంటి ఓట్లు 5 కావలసి వచ్చేవి. 2019లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో వాటిని 3కు తగ్గించారు, మూయవలసినవి గుట్టలుగా పేరుకుపోవడమే కారణం. తగినన్ని ఓట్లు పోగవకపోతే వేసినవి కొన్నాళ్లకు వాటంతట అవే రాలిపోతాయి. మూసిన ప్రశ్నను తిరిగి తెరవడానికీ అదే లెక్క, అదే స్థాయి సభ్యులు. మూసినవారి పేర్లు బయటికి కనిపిస్తాయి. దిద్దిన ప్రతి మార్పూ చరిత్రలో నిలుస్తుంది, పాత రూపాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. తొలగించిన రాత కూడా చెరిగిపోదు, 10,000 దాటినవారికి లేత ఎరుపు నేపథ్యంలో కనిపిస్తూనే ఉంటుంది.

ఈ మెట్లను చూసి తీవ్రమైన అధికారాలన్నీ పైన, తేలికవన్నీ కింద ఉన్నాయనుకుంటే పొరపాటు. చౌకబారు ప్రకటనలు, బూతులు వచ్చిపడినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. 15 పాయింట్లున్న సభ్యులు కూడా దానిమీద జెండా, అంటే ఫిర్యాదు గుర్తు, ఎగరేయవచ్చు. చాలాకాలం నడిచిన నియమం ప్రకారం ఆరు జెండాలు పడితే ఆ రాత తక్షణం మాయమవుతుంది, రాసినవారి ఖాతాలో 100 పాయింట్లు తెగుతాయి. సైటు మొత్తంలో ఇంతకంటే కఠినమైన శిక్ష మరొకటి అరుదు. దాన్ని అమలు చేయడానికి నిన్నగాక మొన్న చేరినవారు చాలు. బరువు తగ్గించే మందుల ప్రకటనను గుర్తుపట్టడానికి అనుభవం అక్కరలేదు కదా. పొరబడే అవకాశం ఎంత అన్నదాన్ని బట్టి మెట్టు నిర్ణయమైంది. ఈ నిచ్చెన తయారుచేసినవారి తెలివి ఇక్కడే ఉంది.

పరిశీలన వరుసల్లో కూర్చునేవారి మీద కూడా ఒక కన్ను ఉంటుంది. వరుసలో వచ్చే రాతల మధ్య అక్కడక్కడ ఒక ఉత్తుత్తి రాతను దూరుస్తారు, దాని తీర్పు ముందే తెలిసి ఉంటుంది. చదవకుండా టపటపా ఆమోదించుకుంటూ పోయేవారు దాని దగ్గర దొరికిపోతారు. అలా పదేపదే దొరికితే కొన్నాళ్లపాటు ఆ వరుసలోకి ప్రవేశం ఉండదు. జవాబు పత్రాలు దిద్దే మాస్టారికి మధ్యలో ఒక నకిలీ పత్రం ఇచ్చి చూసినట్టు. అవమానకరమే, కానీ పనిచేస్తుంది.

ఈ సామాన్య సభ్యుల పైన ఎన్నికైన మోడరేటర్లు వేరుగా ఉంటారు. పేరు పక్కన వజ్రం గుర్తు ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. 150 పాయింట్లున్నవారంతా ఓటర్లు. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లోలా అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో ఓట్లు వేస్తారు. గెలిచినవారి ఒక్క ఓటుతో ప్రశ్న మూతపడుతుంది, సభ్యులను కొన్నాళ్లు నిలిపివేయడం వారికే సాధ్యం. ఆట్‌వుడ్ 2009లో వీరి పనిని ప్రోగ్రామింగ్ భాషలోనే వివరించారు: మామూలుగా నడిచే పని సభ్యులది, మామూలు దారిలో ఇమడని చిక్కులను పట్టుకోవడం మోడరేటర్లది. రోజువారీ ఊడ్పు ఇల్లంతా చేసుకోవాలి. పైపు పగిలితేనే పనివాడిని పిలవాలి. అత్యధిక పాయింట్లున్న సభ్యుడు జాన్ స్కీట్ 2018లో 10 లక్షలు దాటిన మొదటి వ్యక్తి అయ్యారు. ఆయనకు ఎన్నికైన మోడరేటర్ హోదా లేదు. పది లక్షల పరపతి కూడా పెత్తనాన్ని ఒక హద్దు దాటి పెంచదు. నిచ్చెనలో చివరి మెట్టు 25,000 వద్దే ఆగిపోతుంది, అక్కడ దొరికేది సైటు రాకపోకల లెక్కలు చూసుకునే భాగ్యం మాత్రమే.

తెలిసినవాడి సుత్తి

మొదట్లో చూసిన విద్యార్థి ప్రశ్నను ముగ్గురు మూయలేదు, ఒక్కరే మూశారు. 2014 నుంచి ఆ వీలుంది. ఒక అంశంలో కనీసం 200 జవాబులు రాసి, వాటి ఓట్ల మొత్తం 1,000 దాటినవారికి ఆ అంశంలో బంగారు పతకం వస్తుంది. ఆ అంశపు ప్రశ్న ఏదైనా ఇదివరకే జవాబున్న పాత ప్రశ్నకు నకలు అనిపిస్తే వారు ఒంటిచేత్తో మూయవచ్చు, ఒంటిచేత్తో తెరవనూవచ్చు. స్కాండినేవియా (నార్స్) పురాణాల్లో థోర్ అనే దేవుడి సుత్తి పేరు పెట్టి సభ్యులు దీన్ని ముద్దుగా పిలుచుకుంటారు.

మొత్తం నిచ్చెనలో లెక్క సరిగ్గా కుదిరిన మెట్టు ఇదేనని చెప్పాలి. నకలు ప్రశ్నను గుర్తుపట్టడం పూర్తిగా విషయజ్ఞానానికి సంబంధించిన పని. ఒకరు 'బటన్ నొక్కితే యాప్ ఆగిపోతోంది' అంటారు, మరొకరు 'ఫైలు చదువుతుంటే ఆగిపోతోంది' అంటారు. రెండింటి వెనుకా ఉన్నది ఖాళీగా మిగిలిపోయిన ఒకే రకం చలరాశి అని జావా ఎరిగినవారికే తెలుస్తుంది. జావాలో జవాబులు చెప్పి సంపాదించిన అధికారం జావా ప్రశ్నలకే పరిమితం. అదే మనిషి పైథాన్ ప్రశ్న దగ్గరకు వెళ్తే మళ్లీ మూడింట ఒక ఓటే. నేర్చిన పనికి, ఇచ్చిన పనికి మధ్య ఇక్కడ సందు లేదు.

మిగతా మూసివేతల సంగతి అలా కాదు. 'ఇది అభిప్రాయాల మీద ఆధారపడిన ప్రశ్న', 'ఇందులో స్పష్టత చాలదు', 'ఒకేసారి చాలా అడుగుతున్నారు' వంటి కారణాలు చూపి మూయాలంటే కావలసింది వేరే నేర్పు. అడిగినవారి మనసులో ఏముందో పట్టుకోవాలి, ఒక వ్యాఖ్యతో దాన్ని బయటికి లాగవచ్చేమో చూడాలి. ఉపాధ్యాయుడి ఓర్పు అది. డేటాబేసులను క్షుణ్ణంగా ఎరిగి ఉండడానికి, ఆ ఓర్పుకు ఏ సంబంధమూ లేదు. అయినా పాయింట్ల పుస్తకం రెండింటినీ ఒకే ఖాతాలో రాస్తుంది.

ఆ ఖాతాలో పాత బాకీలు కూడా చెల్లుతూనే ఉంటాయి. కోడు మార్పులను భద్రపరిచే గిట్ అనే సాధనం గురించి, 'గిట్‌లో చివరి కమిట్‌ను (చివరిగా భద్రపరిచిన మార్పును) వెనక్కి తీసుకోవడం ఎలా' అని 2009లో ఒకరు అడిగిన ప్రశ్న సైటులో అత్యధిక ఓట్లు పొందినవాటిలో ఒకటి. ఓట్లు వేల సంఖ్యలో పడ్డాయి. మంచి ప్రశ్నే. కానీ ఏ ప్రోగ్రామర్‌కైనా మొదటి వారంలోనే వచ్చే సందేహం, ముందుగా అడిగినవారికి దక్కింది. ఆ ఒక్క ప్రశ్న మీద వచ్చే పరపతితోనే అన్ని మెట్లూ ఎక్కేయవచ్చు. పాయింట్లకు కాలదోషం పట్టదు. పన్నెండేళ్లుగా సైటు ముఖం చూడనివారు కూడా తిరిగి వచ్చిన రోజే మూసివేత ఓటు వేయవచ్చు, ఈ మధ్యలో నియమాలు నాలుగుసార్లు మారినా సరే.

2019 నవంబరులో జరిగింది ఇంకా విచిత్రం. ప్రశ్నకు పడే అనుకూల ఓటుకు మొదట 10 పాయింట్లుండేవి. 2010లో వాటిని 5కు తగ్గించారు. తొమ్మిదేళ్ల తర్వాత, ప్రశ్న అడగడం కూడా జవాబు చెప్పడమంత విలువైనదేనని ఒప్పుకుని మళ్లీ 10 చేశారు. పాత ఓట్లన్నిటికీ దీన్ని వర్తింపజేశారు. దాంతో చాలామంది ఒక్క అక్షరం రాయకుండానే పై మెట్టుకు చేరిపోయారు. వారిలో ఎవరికైనా మూసివేత గురించి నిన్నటికంటే ఎక్కువ తెలిసిందా? లేదు. ప్రశ్నలు అడిగేవారిని గౌరవించాలన్న సదుద్దేశం అధికార పంపిణీని పక్కదారిలో మార్చేసింది. రెండు పనులకు ఒకే కొలత వాడితే ఇలాంటివి తప్పవు.

మూయడం సులువు

కాగితం మీద మూసివేతకూ తెరవడానికీ సమాన ఓట్లు. ఆచరణలో ఈ రెండూ సమానం కావు. కొత్త ప్రశ్న పడిన మొదటి పావుగంటలో దాన్ని పదుల మంది చూస్తారు; మూయాలనుకునే ముగ్గురు అందులో ఇట్టే దొరుకుతారు. మూసిన ప్రశ్నను అడిగినవారు బాగుచేసి మళ్లీ పెడితే అది పునఃపరిశీలన వరుసలోకి వెళ్తుంది. ఆ వరుసలో కూర్చునేవారు తక్కువ, తెరిచినందుకు దక్కేది ఏమీ లేదు. పైగా అప్పటికే పడిన వ్యతిరేక ఓట్లు అలాగే ఉంటాయి. ఏ తప్పునైనా వెనక్కి తిప్పవచ్చన్న హామీ మీదే ఈ వ్యవస్థ నిలిచింది కాబట్టి, వెనక్కి తిప్పే మనుషులు లేనిచోట ఆ హామీ చెల్లని చెక్కుతో సమానం.

వ్యాఖ్యకు 50 పాయింట్లు కావాలన్న నియమం మరో ముడి. కొత్తగా చేరినవారు జవాబు రాయవచ్చు, కానీ ఇతరుల రాతల కింద వ్యాఖ్య రాయలేరు. వ్యాఖ్యల్లో చెత్త పేరుకోకుండా ఈ అడ్డు పెట్టారు. ఫలితం ఏమైందంటే, 'నాకూ ఇదే సమస్య, మీకు పరిష్కారం దొరికిందా?' అని అడగాలనుకున్నవారు వేరే దారి లేక దాన్ని జవాబు పెట్టెలో రాస్తారు. పెద్దలు వచ్చి ఇది జవాబు కాదని తీసేస్తారు. వ్యాఖ్యగా రాయవలసింది అని మందలిస్తారు కూడా. ఆ తలుపు కొత్తవారికి మూసి ఉందన్న సంగతి మందలించినవారికి గుర్తుండదు. వారు ఆ మెట్టు దాటి పదేళ్లయింది.

కొత్తవారికి, మహిళలకు, అట్టడుగున ఉన్న వర్గాలకు సైటు ఆదరణగా లేదని కంపెనీయే 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకుంది. పాత సభ్యులు దాన్ని తమ మీద నిందగా తీసుకున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రోజంతా ఒకే రకం ఫొటో ప్రశ్నలు చూసి చూసి విసిగినవారికి అది వందోది. అడిగినవారికి అది జీవితంలో మొదటిది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోర్సు చేస్తూ, ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకోవడానికే అరగంట పట్టిన వారి విషయంలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోకు పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో విడి సైట్లున్నాయి, భారతీయ భాష ఒక్కటీ లేదు. భాష తడబాటును అజాగ్రత్తగా పొరబడే ప్రమాదం మూసివేత ఓటు వేసేవారికి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పట్టే ఉత్తుత్తి పరీక్ష ఏ వరుసలోనూ లేదు.

అద్దె పెత్తనం, రచ్చబండ పెత్తనం

అధికారం శాశ్వతంగా ఇవ్వకుండా ఉండే పద్ధతులు అంతకుముందే ఉన్నాయి. సాంకేతిక వార్తలపై చర్చలు నడిపే స్లాష్‌డాట్ 1999లో ఒక పద్ధతి తెచ్చింది. సభ్యులు కొందరికి ఉన్నట్టుండి ఐదు పాయింట్లు చేతికొస్తాయి. మూడు రోజుల్లో వాటితో ఇతరుల వ్యాఖ్యలకు విలువ పెంచడమో తగ్గించడమో చేయాలి, లేదంటే మురిగిపోతాయి. ఒక చర్చలో తాను మాట్లాడితే ఆ చర్చలో తీర్పరిగా ఉండే వీలు లేదు. ఆ తీర్పులు న్యాయంగా ఉన్నాయా అని చూసేందుకు మరికొందరు సభ్యులు. జ్యూరీ విధుల్లాంటిది ఇది: పిలుపు వస్తే వెళ్లాలి, పని అయ్యాక ఇంటికి రావాలి. పెత్తనం అలవాటుగా మారేంత సమయం ఎవరికీ దొరకదు.

స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి బయటికి వచ్చాక ఆట్‌వుడ్ 2013లో డిస్కోర్స్ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. అందులో ఆయన తన పాత లెక్కను తానే దిద్దుకున్నట్టు కనిపిస్తుంది. సున్నా నుంచి నాలుగు వరకు నమ్మకపు స్థాయులు. పైకి వెళ్లడానికి రాయడమే కాదు, చదవడం కూడా లెక్కలోకి వస్తుంది. మొదటి స్థాయికి ఐదు చర్చలు తెరిచి 30 రాతలు చదవాలి, పది నిమిషాలు గడపాలి. మూడో స్థాయిలో ఇతరుల చర్చల శీర్షికలు మార్చే అధికారం వస్తుంది. అయితే గత 100 రోజుల్లో కనీసం సగం రోజులైనా వచ్చి ఉండాలి. రావడం మానేస్తే ఆ స్థాయి జారిపోతుంది. నాలుగో స్థాయిని యంత్రం ఇవ్వదు, నిర్వహించేవారు మనిషిని చూసి ఇవ్వాలి. 2009లో అడిగిన ఒక్క ప్రశ్న మీద ఇక్కడ బతకలేరు.

పాయింట్లే లేని దారి తెలుగు వికీపీడియాది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో పేజీలు తొలగించే, సంరక్షించే, సభ్యులను నిరోధించే హక్కు నిర్వాహకులకు ఉంటుంది. నిర్వాహకత్వానికి ప్రతిపాదన పెడితే తోటి సభ్యులు మద్దతో అభ్యంతరమో పేరు రాసి, కారణం చెప్పి తెలుపుతారు. ఎన్ని దిద్దుబాట్లు చేశారన్నది చూస్తారు గానీ అంకె దానంతట అది తలుపు తీయదు. సముదాయమంతా మాట్లాడుకునే పేజీకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకోవడం ఎంతో సహజంగా కుదిరింది. మనిషిని చూసి, మాట విని నిర్ణయించే ఈ పద్ధతి చిన్న సముదాయంలో బాగా నడుస్తుంది. అందరికీ అందరూ తెలుసు. అక్కడి చిక్కు కూడా అదే: ఎక్కువ రాసేవారు, నిర్వాహకులు, ఎదుటివారి వాదన తేల్చవలసినవారు చాలాసార్లు అదే గుప్పెడు మంది. స్లాష్‌డాట్ నియమాన్ని, అంటే మాట్లాడినవారు తీర్పు చెప్పకూడదన్నదాన్ని, అక్కడ అక్షరాలా పాటిస్తే తీర్పు చెప్పడానికి ఎవరూ మిగలరు. రోజుకు వేల ప్రశ్నలు పడే చోట రచ్చబండ తీర్పు అసాధ్యం, పదిమంది ఉన్న చోట పాయింట్ల నిచ్చెన హాస్యాస్పదం.

తెలుగులోనూ నడుస్తున్న ప్రశ్నోత్తరాల సైటు కోరా మరో కొస. అక్కడ సభ్యులు ఫిర్యాదు చేయగలరు. సైటు మొత్తానికి సంబంధించిన తీర్పు మాత్రం కంపెనీ చేతుల్లోనే. జవాబు ఎందుకు పోయిందో, ఎవరు తీశారో రాసినవారికి సాధారణంగా తెలియదు. మూసినవారి పేరు కనిపించే స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టె ఎంత కటువుగా ఉన్నా, కనీసం ఎవరితో వాదించాలో చెబుతుంది.

ఇల్లు ఎవరిది?

సభ్యులకు ఇచ్చిన అధికారం నిజమైనదేనా అన్న పరీక్ష కంపెనీతో విభేదం వచ్చినప్పుడు జరుగుతుంది. 2019 సెప్టెంబరులో, స్టాక్ ఓవర్‌ఫ్లోను, దాని సోదర సైట్లను నడిపే స్టాక్ ఎక్స్ఛేంజ్ కంపెనీ ఒక మోడరేటర్‌ను అకస్మాత్తుగా తొలగించింది. నిరసనగా పలు సైట్లలో మోడరేటర్లు రాజీనామా చేశారు. అప్పటివరకు సభ్యుడిని నిలిపివేయడానికి పద్ధతి ఉంది, ప్రశ్నను మూయడానికి పద్ధతి ఉంది, ఎన్నికైన మోడరేటర్‌ను కంపెనీ తొలగించడానికే బయటికి చెప్పిన పద్ధతి లేదు. అది ఆ తర్వాతే రాతపూర్వకంగా వచ్చింది. కింది మెట్లన్నిటికీ కట్టిన పిట్టగోడ పైమెట్టు దగ్గర మరిచిపోయారన్నమాట.

2021లో ప్రోసస్ అనే సంస్థ 180 కోట్ల డాలర్లకు కంపెనీని కొన్నది. జీతం లేకుండా ఊడ్చి శుభ్రంగా ఉంచిన ఇంటి వెల అది. ఊడ్చినవారికి వాటా ఏమీ లేదు, వారు అడగనూ లేదు. జవాబులు అందరూ వాడుకునే లైసెన్సు కింద ఉన్నాయన్న భరోసాతోనే వారు అంతకాలం పనిచేశారు.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. కొద్ది రోజుల్లోనే చూడటానికి ముచ్చటగా, లోపల తప్పులతో ఉన్న జవాబులు వరదలా పడటం మొదలైంది. డిసెంబరు మొదటి వారంలోనే మోడరేటర్లు వాటిని నిషేధించారు. సభ్యుల చేతుల్లో అధికారం ఉండటం వల్ల ఎంత లాభమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు: పెద్ద సంస్థల్లో సమావేశానికి తేదీ ఖరారయ్యేలోపు ఇక్కడ నిర్ణయం అమలైపోయింది. ఆరు నెలల తర్వాత, 2023 మే చివర్లో, కంపెనీ ఆ నిర్ణయాన్ని తలకిందులు చేసింది. యంత్రం రాసిందన్న అనుమానంతో తీసుకునే చర్యలను దాదాపు అన్నీ ఆపమని మోడరేటర్లకు చెప్పింది. గుర్తింపు పద్ధతులు తప్పుల తడక అని, నిజంగా రాసినవారికి అన్యాయం జరుగుతోందని కంపెనీ వాదన. ఆ వాదనలో పస లేకపోలేదు. అయితే మోడరేటర్లకు చెప్పిన మాట ఒకటి, బయటికి ప్రకటించినది మరొకటి అన్నది వారి ప్రధాన ఆరోపణ.

జూన్ 5న సమ్మె మొదలైంది. వందల మంది మోడరేటర్లు, పరిశీలకులు పని ఆపారు. చెత్త ప్రకటనలను పట్టేందుకు స్వచ్ఛంద సభ్యులే రాసి నడుపుతున్న యంత్రాన్ని కూడా ఆపేశారు. జీతం తీసుకోనివారు సమ్మె చేస్తే యజమానికి నష్టమేమిటని మొదట్లో నవ్వుకున్నవారు ఉన్నారు. జెండాల గుట్ట పెరుగుతుంటే నవ్వు ఆగింది. ఆగస్టు మొదట్లో రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చాయి: ఏ ఆనవాళ్లు చూసి చర్య తీసుకోవచ్చో కలిసి ఖరారు చేసుకున్నారు, సైటు సమాచారం మొత్తాన్ని అందరికీ అందించే ఏర్పాటు కొనసాగించేందుకు కంపెనీ మాట ఇచ్చింది. అదే జూన్‌లో రెడిట్ అనే చర్చావేదిక మోడరేటర్లు కూడా వేలాది విభాగాలకు తాళం వేసి నిరసన తెలిపారు. అక్కడ చాలావరకు కంపెనీ మాటే నెగ్గింది.

సమ్మె ముగిసినా నిచ్చెన కింద నేల కదులుతూనే ఉంది. ఇదివరకు ఇక్కడ అడిగేవాటిని చాలామంది ఇప్పుడు నేరుగా యంత్రాన్నే అడుగుతున్నారు, సైటుకు వచ్చే కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. ప్రశ్నలు తగ్గితే జవాబులు తగ్గుతాయి, ఓట్లు తగ్గుతాయి, ఓట్లతో నిండే ఖాతాలు నిండవు. 2010లో తేలిక ప్రశ్నలకు జవాబులు చెప్పి కొన్ని నెలల్లో 3,000 దాటినవారున్నారు. ఈ రోజు కొత్తగా వచ్చినవారికి ఆ తేలిక ప్రశ్నలన్నీ అప్పటికే ఎవరో జవాబిచ్చినవి. మిగిలినవి ఏళ్ల అనుభవం ఉంటేగానీ అంతుచిక్కనివి. సుత్తి పట్టుకున్నవారి వయసు పెరుగుతోంది, వారి తర్వాతి వరుస పలచబడుతోంది. మెట్ల మీద అంకెలు వేసిన నాటికి ఇలాంటి రోజు వస్తుందని ఎవరూ ఊహించలేదు.

పాత పట్టికలో కొత్తవారికి ఉన్న ఒకే ఒక దగ్గరి దారి కూడా పరపతి మీదే నడుస్తుంది. వంటకాల మీదో వ్యాకరణం మీదో ఆ కుటుంబానికే చెందిన మరో సైటులో 200 పాయింట్లు సంపాదించినవారు కొత్త సైటులో అడుగుపెడితే 100 పాయింట్లు చేతిలో పెడతారు. దాంతో ఖాతా 101 అవుతుంది. మెచ్చుకునే ఓటు వేయవచ్చు, వ్యాఖ్య రాయవచ్చు, బహుమానం ప్రకటించవచ్చు. వ్యతిరేక ఓటుకు కావలసింది 125.